రెజ్యూమెలో ‘ఈత’ అని రాశాను

సముద్రం పక్క ఊళ్లో పుట్టి, హైదరాబాద్‌లో కోడింగ్ చేసి, 25 ఏళ్లకే షుగర్ గీత దాకా వెళ్లి, మళ్లీ మైపాడు తీరానికి చేరిన ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అనుభవం ఇది. క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవారి కోసం ఆయన మాటల్లోనే...

బీటెక్ చివరి ఏడాది రెజ్యూమె తయారు చేసుకుంటుంటే అన్ని గళ్లూ నిండాయి గానీ ‘హాబీస్’ దగ్గర ఆగిపోయా. రూమ్మేట్‌ది తీసి చూశా. పాటలు వినడం, పుస్తకాలు చదవడం, క్రికెట్ అని ఉంది. పక్క రూములో వాడిదీ అదే. మా బ్యాచ్‌లో అందరిదీ దాదాపు అదే. ఎందుకంటే సీనియర్ ఇచ్చిన ఒకే ఫైల్లో ఎవరి పేరు వాళ్లు మార్చుకున్నాం. కొంచెం తేడాగా ఉంటుందని నేను ‘ఈత’ అని రాశా.

క్యాంపస్‌కి వచ్చిన మొదటి కంపెనీలో టెక్నికల్ రౌండ్ దాటా. హెచ్ఆర్ రౌండ్‌లో ఒక మేడమ్ రెజ్యూమె చూసి నవ్వారు. ‘‘మీది నెల్లూరు దగ్గర సముద్రం పక్క ఊరా? అయితే బాగా వచ్చుండాలే. నేనూ రోజూ ఈత కొడతా. ఫ్రీస్టైల్‌లో మీరు ఎన్ని చేతులకి ఒకసారి ఊపిరి తీసుకుంటారు?’’ అని అడిగారు. నా నోట మాట రాలేదు. నాకు ఈత రాదు. నీళ్లలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఆ తర్వాత ఆవిడ అడిగిన మామూలు ప్రశ్నలకు కూడా తడబడ్డా. ఉద్యోగం రాలేదు. ఈత వల్లే రాలేదని చెప్పను. కానీ నేను గది బయటికి వచ్చేటప్పటికి, నేను రాసిన మిగతా లైన్లన్నీ ఆవిడకి అనుమానంగానే కనిపించి ఉంటాయి.

సముద్రం పక్కనుండి ఈత రాకపోవడానికి ఒక కారణం ఉంది. మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు బీచ్‌కి సైకిల్ మీద పోయొచ్చు. 2004 డిసెంబరు 26 ఆదివారం నాడు సునామీ వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. మా ఇంటిదాకా నీళ్లు రాలేదు గానీ, తీరం నుంచి పరిగెత్తుకొచ్చిన జనాన్ని మా అమ్మ చూసింది. ఆ తర్వాత ‘‘సముద్రం కాడికి పోబాకు’’ అన్న మాట మా ఇంట్లో చట్టం అయిపోయింది. చెరువులో మిగతా పిల్లలు ఎండిన సొరబుర్రలు నడుముకి కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే నేను గట్టు మీద వాళ్ల చొక్కాలకి కాపలా.

రెండో కంపెనీలో వచ్చింది. ఏడాదికి మూడున్నర లక్షల లోపు జీతం. 2019లో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లా.

కుర్చీ చేసిన పని

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఒళ్లు పాడవుతుందని అందరూ అంటారు. ఎలా పాడవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది తెలియకుండా జరుగుతుంది. పొద్దున పదికి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేవడం, మళ్లీ కూర్చోవడం. మా క్లయింట్ న్యూయార్క్‌లో. అక్కడ పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర. అంటే ఆఫీసు పనయ్యాక అసలు మీటింగులు మొదలవుతాయి. తొమ్మిదిన్నరకి హాస్టల్‌కి చేరి, బిర్యానీ ఆర్డర్ పెట్టుకుని, ఫోన్ చూస్తూ తిని, ఒంటి గంటకి పడుకోవడం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఇంటికొచ్చి రెండేళ్లు ఇక్కడి నుంచే పనిచేశా. అప్పుడైనా మారానా అంటే లేదు. కుర్చీ మారింది, అంతే. అమ్మ కంచం టేబుల్ దగ్గరికే తెచ్చి పెట్టేది. 2022లో మళ్లీ ఆఫీసుకి పిలిచారు.

కంపెనీ ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించేది. నాలుగేళ్లు నేను పోలేదు. ‘మనకేముంది, పాతికేళ్లు’ అనుకునేవాణ్ని. 2023 జూన్‌లో పక్క సీటు స్నేహితుడు తోడు రమ్మంటే వెళ్లా. వాడికి అన్నీ బాగున్నాయి. నాకు హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ రావడానికి ముందు దశ, 6.5 లేదా అంతకు మించితే షుగరే. స్కానింగ్‌లో కాలేయానికి కొవ్వు పట్టిందని కూడా రాశారు.

నేనొక్కణ్నే అనుకుని కొన్నాళ్లు సిగ్గుపడ్డా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. అందులో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది, 71 శాతం మంది ఊబకాయులు. పార్లమెంటులో కేంద్ర ఆరోగ్య మంత్రి దాకా ఈ అంకెలు వెళ్లాయి. 345 మంది అంటే పెద్ద లెక్కేం కాదు, ఐటీలో అందరూ ఇంతేనని దీన్నిబట్టి తేల్చలేం. అయినా మా ఫ్లోర్‌లో అటూ ఇటూ చూసుకుంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘ఏందిరా అబ్బయా, నాకు లేని షుగరు నీకెట్టా వచ్చింది?’’ అన్నాడు. ఆయనకు యాభై ఎనిమిది. రొయ్యల గుంటలు చూసుకుంటాడు. మేత వేయడానికి రోజుకి నాలుగుసార్లు గుంట గట్టు చుట్టూ తిరగాలి, చెక్‌ట్రేలు పైకి లేపి రొయ్య మేత తిందో లేదో చూడాలి, రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయని జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ తర్వాతి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు నా ఫోన్ ఆయన జేబులో పెట్టి పంపా. సాయంత్రానికి పద్నాలుగు వేల అడుగులు చూపించింది. అంతకుముందు రోజు ఆఫీసులో నావి రెండు వేల వంద.

ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న

హాస్టల్ దగ్గర నడక మొదలుపెట్టా. దుర్గం చెరువు చుట్టూ ట్రాక్ ఉంది, పొద్దున ఆరుకే వెళ్లేవాణ్ని. ఇక్కడ ఒక మాట. అమెరికా క్లయింట్ ఉన్న ఉద్యోగంలో సాయంత్రాలు పోతాయి, పొద్దుళ్లు మిగులుతాయి. బ్రిటన్ క్లయింట్ అయితే లండన్ తొమ్మిది మనకు మధ్యాహ్నం ఒకటిన్నర లేదా రెండున్నర, సాయంత్రం కాస్త త్వరగా బయటపడొచ్చు. ఫ్రెషర్లు ఇంటర్వ్యూలో ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా’ అంటే తల అడ్డంగా ఊపేస్తారు. క్లయింట్ ఏ దేశం, మీటింగులు ఎన్నింటికి అని అడగండి. మీ రోజు ఎలా ఉంటుందో జీతం అంకె కంటే అదే ఎక్కువ చెప్తుంది. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు.

ఆ సెప్టెంబరులో రెండు ఆఫర్ల దాకా వచ్చా. ఒకటి హైదరాబాద్‌లో, వారానికి ఐదు రోజులూ ఆఫీసు, మంచి పెంపు. రెండోది చిన్న కంపెనీ, ఎక్కడినుంచైనా చేయొచ్చు, రెండు నెలలకోసారి ఆఫీసుకు రావాలి, జీతం మొదటిదానికంటే ఏడాదికి దాదాపు రెండు లక్షలు తక్కువ. రెండోదాని ఇంటర్వ్యూలో హాబీ అడిగారు. ‘‘నడక. మూడు నెలలే అయింది. షుగర్ వస్తుందేమోనని భయపడి మొదలుపెట్టా’’ అన్నా. ఎన్ని రోజులు మానేశావ్, ఎందుకు మానేశావ్ అని అడిగారు. నా దగ్గర షీట్‌లో లెక్క ఉంది, చెప్పా. వర్షం వల్ల ఇన్ని, రిలీజ్ రోజులు ఇన్ని, బద్ధకం ఇన్ని. ఆ మాటలు పది నిమిషాలు సాగాయి. మూడు నెలల కిందట ఆ కాగితం మీద ఏమీ లేని మనిషిని నేను. అయినా నిజంగా చేసే పని గురించి మాట్లాడేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో నాకే కొత్తగా అనిపించింది.

రెండు లక్షలు వదులుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. చెల్లి చదువు ఉంది, ఆ ఏడాది రొయ్య ధర బాగాలేదు. నాయన ఒక్కమాటే అన్నాడు, ‘‘ఇంటికాడ ఉంటే హాస్టల్ ఖర్చు ఉండదు గదరా.’’ హాస్టల్, భోజనం, ప్రయాణాలు లెక్కేస్తే తేడా సగానికి పైగా పూడింది. అక్టోబరులో ఊరికొచ్చేశా.

ఇది చదివి చివరి ఏడాది పిల్లలు ‘మాకూ ఇంటినుంచి ఉద్యోగం’ అనుకుంటే నేను వద్దనే అంటా. మొదటి రెండు, మూడేళ్లు ఆఫీసులో ఉండండి. నేను కోడ్‌లో తప్పు ఎలా వెతకాలో నేర్చుకున్నది పక్క సీటు అన్నను చూసే, వీడియో కాల్‌లో ఆయన్ని అన్నిసార్లు అడిగేవాణ్ని కాదు. పైగా ఫ్రెషర్లకు ఇంటినుంచి పని అని చెప్పి డిపాజిట్ కట్టించుకునే మోసాలు ఎక్కువ. ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బులు అడగరు.

తుపాను రోజు

తీరంలో ఉండి పనిచేయడం ఫొటోల్లో ఉన్నట్టు ఉండదు. నేను చేరిన రెండో నెలలోనే మిచాంగ్ తుపాను వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే నెల్లూరు జిల్లాను వానతో ముంచేసింది. మంగళవారం మాకు రిలీజ్. సోమవారం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మధ్యాహ్నం దాకా లాగింది. తర్వాత సెల్ టవరూ పోయింది. నాయన గుంటల గట్లు తెగకుండా ఇసుక బస్తాలు వేయిస్తున్నాడు, నేను ఛార్జింగ్ లేని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నా. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నా. ఎవరికీ ఒక్క మెసేజ్ పోలేదు.

బుధవారం సిగ్నల్ వచ్చాక చూస్తే మేనేజర్ మెసేజ్ ఉంది. ఆయన కోప్పడలేదు. మూడు రోజుల ముందు నుంచీ టీవీలో తుపాను చూపిస్తుంటే, పని ఇంకొకరికి ఎందుకు అప్పజెప్పలేదని అడిగారు. దానికి జవాబు లేదు. ఆ రాత్రి నేను పోతుందనుకున్న ఉద్యోగం పోలేదు, కానీ ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. ఇప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణ శాఖ బులెటిన్ నా క్యాలెండర్‌లో భాగం. అల్పపీడనం అన్న మాట వినపడగానే ఎవరు ఏం చూడాలో రాసి పంపేస్తా. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాలే పెద్ద వాన. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి అది వేరేవాళ్లు గుర్తు చేయాల్సి రావడం కొంచెం సిగ్గే.

ఇసుక, మోకాలు, రాకెట్

రోజూ పొద్దున ఐదుకి స్కూటర్ మీద మైపాడు. వేసవిలో అయితే ఇంకా ముందే. ఏడు దాటితే మన ఎండకు నడవలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ 61 రోజులూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే పెద్దవాళ్లతో కబుర్లు. మిగతా రోజుల్లో నేను వెళ్లేసరికి వాళ్లు సముద్రంలో ఉంటారు.

మొదటి వారంలోనే హుషారుగా మెత్తటి ఇసుకలో పరుగు పెట్టా. ఇసుకలో నడకకు గట్టి నేల మీదకంటే రెండు రెట్లకు పైగా, పరుగుకు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లోనే ఒక అధ్యయనంలో తేల్చారు. అది చదివి ‘అయితే ఇంకా మంచిదే’ అనుకున్నా. బీచ్ నీటి వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు పైన, ఒక కాలు కింద పడుతుంది. పదో రోజుకి కుడి మోకాలు పట్టేసింది. మూడు వారాలు ఇంట్లో కూర్చున్నా. మళ్లీ మొదలుపెట్టినప్పుడు అల వచ్చి పోయిన తడి ఇసుక మీద, చదునుగా ఉన్న చోట, ముందు నడక, మధ్యలో రెండేసి నిమిషాల పరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాలకు పని. అందులో కనీసం లెక్కేస్తే రోజుకి పాతిక నిమిషాలు కూడా కాదు. కండరాల పనికి నాకు జిమ్ లేదు. ఆదివారం నాయనతో మేత బస్తాలు మోస్తా. మొదటిసారి రెండు బస్తాలకే ఆయాసపడితే గుంట కాడ కూలీలు నవ్వారు.

తిండి సంగతి చెప్పకపోతే పూర్తికాదు. నెల్లూరోడికి అన్నం తగ్గించమని చెప్పడం కంటే కష్టమైన పని ఇంకొకటి లేదు. చేపల పులుసు ముందు పెట్టుకుని కొలిచి తినడం ఎవరికి సాధ్యం? అమ్మ కనిపెట్టిన పద్ధతి ఏంటంటే, ముందు కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. రాత్రి ఎనిమిదికి ముందే తిని మీటింగులో కూర్చుంటా.

2025 జనవరి 29న పొద్దున ఆరు ఇరవై మూడుకి తడి ఇసుక మీద ఉన్నా. ఇంకా పొద్దు పొడవలేదు. దక్షిణాన ఒక నారింజ వెలుగు లేచింది. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం అది, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15. పరుగు ఆపేసి చూశా. రాకెట్ తన పని సరిగ్గా చేసింది, ఆ తర్వాత ఉపగ్రహంలో ఒక వాల్వ్ తెరుచుకోక దాన్ని అనుకున్న కక్ష్యకు చేర్చలేకపోయారు. రిలీజ్ పనులు చేసేవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

ఎనిమిదేళ్ల పిల్లల మధ్య

ఈత 2024 వేసవిలో నేర్చుకున్నా. నెల్లూరులో ఈతకొలనులో చేరితే నా బ్యాచ్‌లో అందరూ మూడో తరగతి పిల్లలు. ‘అంకుల్ మునిగిపోతున్నాడు’ అని అరిచేవాళ్లు. కోచ్ మొదటి నాలుగు రోజులు చేతులు, కాళ్లు ఆడించనివ్వలేదు. గోడ పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, బుడగలు వచ్చేలా ఊపిరి వదలమన్నారు. భయపడేవాళ్లు ఊపిరి బిగబడతారు, ఒళ్లు బిగుసుకుంటుంది, కాళ్లు కిందికి పోతాయి. ఊపిరి నీళ్లలో వదిలేయడం వస్తేనే మిగతాదంతా. పన్నెండు రోజులకు పది మీటర్లు దాటా. ఇప్పుడు పాతిక మీటర్ల కొలను ఆగకుండా నాలుగుసార్లు. ఫ్రీస్టైల్‌లో మూడు చేతులకి ఒకసారి ఊపిరి తీసుకుంటా. ఆ మేడమ్‌కి చెప్పాలనిపిస్తుంది.

అయితే సముద్రంలో ఇప్పటికీ దిగను. ఇది అమ్మ చట్టం ఒక్కటే కాదు. పరీక్షలు అయిపోగానే కాలేజీ పిల్లలు గుంపులుగా మైపాడు, కొత్తకోడూరు వస్తారు. ఒక మత్స్యకార పెద్దాయన ఓ ఆదివారం వాళ్లను కేకేసి చెప్పడం విన్నా. ‘‘అల విరగని చోట దిగబాకండయ్యా, అక్కడే లాగుద్ది.’’ ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోవడానికి సన్నని దారి చేసుకుంటాయి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే ఆ దారి మీద మాత్రం నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. చూసేవాళ్లకు అదే మంచి చోటు అనిపిస్తుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎంత కొట్టినా ముందుకు రాలేరు, అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఈత వచ్చినవాళ్లయితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది ఆ దారి నుంచి బయటపడాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకడం కంటే తాడో, ఖాళీ డబ్బానో విసరడం, మత్స్యకారులను పిలవడం మేలు. కొలనులో వంద మీటర్లు వచ్చిన ధైర్యం సముద్రంలో పనికిరాదు.

ఈ ఏడాది పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.8. ఇంకా గీత లోపలే. కాలేయం సంగతి ‘కొంచెం తగ్గింది’ అన్నారు. డాక్టర్ మందులు రాయలేదు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు.

మొన్న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసుకు రావాలట. రెండు రోజులుగా హాస్టళ్లకు ఫోన్లు చేస్తున్నా. భోజనం ఎలా ఉంటుంది, వైఫై ఉందా అని అందరూ అడిగేవి తర్వాత. దగ్గర్లో ఈతకొలను ఉందా, పొద్దున ఐదుకి గేటు తీస్తారా అని ముందు అడుగుతున్నా. ఇప్పటిదాకా ఐదుగురు ‘ఐదుకా?’ అని ఫోన్ పెట్టేశారు. ఆరో ఆయన మాత్రం వాచ్‌మన్‌ని అడిగి చెప్తానన్నాడు.